క్లౌ దొర ఓడ ఎక్కిన చలికాలం: అప్పుడు అమెరికాలో బాప్టిస్టులు ఎట్టా బతికారు?

కొండపక్క_ఇల్లు:
అందరికీ వందనాలు. మాది ఒంగోలు, ప్రార్థన కొండ కనపడేంత దూరంలో ఇల్లు. ఆదివారం మా సంఘంలో పిల్లలకి సండే స్కూల్ చెప్తుంటాను. పోయిన వారం అమెరికా నుంచి మన దగ్గరకి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర గురించి చెప్తూ 1864 నవంబర్ 30న బోస్టన్‌లో ఓడ ఎక్కాడు, 1865 ఏప్రిల్లో నెల్లూరు చేరాడు అన్నాను. ఏడో తరగతి పిల్లోడు ఒకడు లేచి "సార్ అది లింకన్ టైమ్ కదా, అక్కడ వాళ్ళలో వాళ్ళకే యుద్ధం జరుగుతుంటే మన దగ్గరకి దొరని ఎట్టా పంపించారు, డబ్బులెక్కడివి, అసలు ఆ యుద్ధంలో బాప్టిస్టులు ఎవరి పక్కన ఉన్నారు" అని అడిగాడు. నాకు జవాబు తెలీలేదు, వచ్చే వారం చెప్తా నాన్నా అని కూర్చోబెట్టాను. ముప్పై ఏళ్ళ నుంచి ఈ కథ చెప్తున్నా, ఆ మాట నాకే ఎప్పుడూ తట్టలేదు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా రాయండి. యుద్ధాలు, జనరల్స్ పేర్లు కాదు, ఆ ఆఖరి నెలల్లో మామూలు విశ్వాసుల ఇళ్ళల్లో ఏం జరిగిందో కావాలి, ఏం తిన్నారు, గుడికి వెళ్ళారా లేదా, అట్లాంటివి.

నెల్లూరు_మాస్టారు:
మంచి ప్రశ్న అడిగాడు ఆ అబ్బాయి, నా తరఫున శభాష్ చెప్పండి. మొదట ఎవరి పక్క అన్నదానికి. ఆ యుద్ధం బానిసత్వం వదలని దక్షిణాది రాష్ట్రాలకీ, ప్రెసిడెంటు లింకన్ ఉన్న ఉత్తరాదికీ మధ్య. బాప్టిస్టులు రెండు పక్కలా ఉన్నారు. యుద్ధానికి 16 ఏళ్ళ ముందే, 1845లోనే అమెరికా బాప్టిస్టులు రెండుగా చీలిపోయారు. బానిసల్ని పెట్టుకున్నవాణ్ణి మిషనరీగా పంపొచ్చా లేదా అన్న దగ్గరే వచ్చింది తగాదా. దక్షిణాది వాళ్ళు జార్జియాలో అగస్టా ఊళ్ళో కూడి సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్ అని వేరే పెట్టుకున్నారు, వాళ్ళ విదేశీ మిషన్ ఆఫీసు రిచ్మండ్‌లో. మన తెలుగు మిషన్ బోస్టన్ వాళ్ళది, అంటే ఉత్తరాదిది. కాబట్టి క్లౌ దొరని పంపిన సంఘాలు లింకన్ పక్షం సంఘాలు.

డబ్బు సంగతి. యుద్ధం ఖర్చుకి అక్కడి ప్రభుత్వం గ్రీన్‌బ్యాక్ అని కాగితం నోట్లు అచ్చేసింది, వాటి విలువ దిగిపోతూ వచ్చింది, 1864 జూలైలో ఒక బంగారు డాలర్ కొనాలంటే రెండున్నర కాగితం డాలర్ల పైనే పెట్టాల్సి వచ్చింది. ఇక్కడ నెల్లూరులో మిషనరీకి జీతం కాగితంలో పనికిరాదు కదా, వెండి రూపాయే కావాలి. అంటే చందా అంతే వచ్చినా ఇక్కడికి చేరేసరికి సగం కూడా మిగలదు. దానికి తోడు మన మిషన్ అప్పటికే మూసేద్దాం అనుకుంటున్నది. డే దొర 1836లో మొదలుపెట్టిన పని, పాతికేళ్ళైనా పట్టుమని పదులు దాటని విశ్వాసులు. 1862లో అక్కడ మీటింగులో మళ్ళీ మూసేద్దామన్న మాట వస్తే, ఒంట్లో బాగోక అమెరికా వెళ్ళి ఉన్న మన నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొర, మీరు పంపినా పంపకపోయినా నేను తిరిగి పోతా, తెలుగువాళ్ళ మధ్యే చస్తా అన్నాడు. అప్పుడు సెక్రటరీ, సరే నిన్ను పూడ్చిపెట్టడానికైనా తోడు ఒక మనిషిని పంపాలి కదా అన్నాడని మా నాయనగారు ఎన్నిసార్లు చెప్పేవారో. ఆ తోడు వచ్చిన మనిషే క్లౌ. అయోవాలో బాప్టిస్టు పుస్తకాలు ఇల్లిల్లూ తిప్పే పని చేసినవాడు, అంతకుముందు సర్వే పని. ఆ సర్వే చదువే తర్వాత కరువులో బకింగ్‌హామ్ కాలవ మూడున్నర మైళ్ళు తవ్వించడానికి పనికొచ్చింది.

కొండపక్క_ఇల్లు:
మాస్టారూ, పాదాలకి నమస్కారం. కాలవ సంగతి మా ముత్తాత నుంచి వస్తున్న మాట, ఆయన అందులో మట్టి మోశాడంట.

పత్తిగింజ:
మాది గుంటూరు పక్క పల్లె. ఇందులో మన వైపు ముక్క ఒకటి ఉంది. అమెరికా దక్షిణాది రేవుల్ని ఉత్తరాది ఓడలు దిగ్బంధం చేసేసరికి ఇంగ్లండ్ మిల్లులకి పత్తి ఆగిపోయింది, ఆ దెబ్బకి మన పత్తికి రేటు ఎక్కడికో పోయింది. గుంటూరు, కృష్ణా నల్లరేగడిలో పండిన పత్తి కాకినాడ రేవు మీదుగా ఎగుమతి అయ్యేది, ఆ రకానికి పేరే కాకినాడ పత్తి. పెద్ద రైతులు, సావుకార్లు బాగుపడ్డారు. 1865లో అక్కడ యుద్ధం ఆగగానే ఇక్కడ రేటు ఢమాల్న పడిపోయింది, ఎక్కువ రేటు చూసి అప్పు చేసి పత్తి వేసినోళ్ళు మునిగారు. అంటే క్లౌ దొర దిగిన ఏప్రిల్ నెలే మన రైతుకి కూడా మంచి రోజులు అయిపోయిన నెల. ఇప్పటికీ ఎక్కడో దేశంలో ఏదో జరిగితే మన మిర్చి రేటు పడిపోవడం చూస్తూనే ఉన్నాం.

జేమ్స్_ఏటి_ఒడ్డు:
నేను రిచ్మండ్‌లోనే ఉంటా, పదకొండేళ్ళు అయింది, శనాదివారాలు ఈ పాత చర్చిల చుట్టూ తిరగడం అలవాటు. కొండపక్క అన్నా, మీరు తిండి గురించి అడిగారు కాబట్టి అక్కడే మొదలుపెడతా.

రిచ్మండ్ దక్షిణాది వాళ్ళ రాజధాని. 1864-65 చలికాలం వచ్చేసరికి ఒక పీపా గోధుమ పిండి వెయ్యి డాలర్లు, యుద్ధం మొదట్లో పది లోపే. వాళ్ళ కాగితం డబ్బు చిత్తుకాగితం అయిపోయింది. కాఫీ దొరక్క రై గింజలు, చిలగడదుంప ముక్కలు, బెండ గింజలు మాడబెట్టి పొడి చేసి కాచుకునేవాళ్ళు. ఉప్పు లేక, పంది మాంసం పొగబెట్టే గదుల్లో నేల మీద మట్టి తవ్వి, నీళ్ళల్లో కలిపి వడగట్టి కాచి ఉప్పు తీసేవాళ్ళు. ఏళ్ళ తరబడి మాంసం మీద నుంచి కారిన ఉప్పు ఆ మట్టిలో ఉంటుంది కదా. ఇది చదివినప్పుడు మా అమ్మమ్మ ఉప్పు డబ్బా అడుగు కూడా కడిగి కూరలో పోసేది గుర్తొచ్చింది.

1865 మార్చి 10న దక్షిణాది వాళ్ళ ప్రెసిడెంటు జెఫర్సన్ డేవిస్ దేశమంతా ఉపవాస ప్రార్థన దినం అని ప్రకటించాడు. బాప్టిస్టు గుళ్ళల్లో కూడా ఆచరించారు. ఇంట్లో పిండి లేని మనిషిని ఉపవాసం ఉండమంటే ఏం చెప్పాలి, అయినా వెళ్ళి మోకరించారు, వాళ్ళ కొడుకులు రిచ్మండ్‌కి కాపుగా ఉన్న పీటర్స్‌బర్గ్ ఊరి కందకాల్లో బురదలో ఉన్నారు మరి. ఆ కందకాల వెనక సైనికులే చెట్లు కొట్టి దుంగలతో ప్రార్థన గదులు కట్టుకున్నారు. జె. విలియం జోన్స్ అనే బాప్టిస్టు ఛాప్లిన్, అంటే సైనికుల పాస్టర్, ఆ సైన్యంలోనే తిరుగుతూ సైనికులకి బాప్తిస్మాలు ఇచ్చేవాడు.

ఏలూరు_చెల్లి:
అన్నయ్యా ఆడవాళ్ళ గురించి కూడా రాయరా, మగాళ్ళందరూ యుద్ధంలో ఉంటే ఇల్లు నడిపింది వాళ్ళే కదా.

జేమ్స్_ఏటి_ఒడ్డు:
తప్పకుండా చెల్లీ. రిచ్మండ్‌లో ఆరెగాన్ హిల్ అని కూలీల పేట ఉంది, ఇనుప ఫ్యాక్టరీ పనివాళ్ళు ఉండేవాళ్ళు. అక్కడ బెల్విడియర్ హిల్ బాప్టిస్టు గుడి. 1863 ఏప్రిల్ 1న ఆ గుళ్ళో ఆడవాళ్ళు కూడి, రేపు గవర్నర్ దగ్గరకి పోయి పిండి అడుగుదాం, ఇవ్వకపోతే తీసుకుందాం అని తీర్మానం చేసుకున్నారు. మేరీ జాక్సన్ అనే ఆమె ముందు నిలబడింది. తెల్లారి వందల మంది గొడ్డళ్ళు, కత్తులు పట్టుకుని కొట్లు పగలగొట్టి రొట్టె, పిండి, మాంసం ఎత్తుకుపోయారు. డేవిస్ వచ్చి తుపాకులు పేలుస్తామని బెదిరిస్తే గానీ చెదరలేదు. అది ఏప్రిల్ 2. సరిగ్గా రెండేళ్ళకి అదే ఏప్రిల్ 2, 1865 ఆదివారం, ఉదయం ఆరాధన జరుగుతుండగా పీటర్స్‌బర్గ్ దగ్గర తమ సైన్యం లైన్ తెగిపోయిందని కబురు వచ్చింది, డేవిస్ ఎపిస్కోపల్ గుళ్ళోంచి లేచి వెళ్ళిపోయాడు, రాత్రికి ప్రభుత్వం మొత్తం రైలెక్కింది, పోతూ పోతూ గోదాములు తగలబెడితే ఊళ్ళో వ్యాపార వీధులు చాలావరకు కాలిపోయాయి. మర్నాడు ఉదయం లోపలికి వచ్చిన ఉత్తరాది సైన్యంలో నల్లజాతి పటాలాలు ఉన్నాయి. నాలుగో తేదీ లింకన్ కొడుకు చెయ్యి పట్టుకుని ఆ వీధుల్లో నడిచాడు.

సూటి_ప్రశ్న:
ఇదంతా చదువుతుంటే తెల్లోళ్ళకి కాఫీ దొరకలేదని మనం జాలి పడుతున్నట్టు ఉంది. నేను కూడా బాప్టిస్టు కుటుంబంలోనే పుట్టా, అందుకే అడుగుతున్నా. ఆ ఉపవాసం ఉన్నోళ్ళ ఇంట్లో వంట చేసింది ఎవరు? వాళ్ళకి ఏం పెట్టారు? బైబిల్ చదివి మనిషిని కొన్నారు, అమ్మారు. బానిసలు కూడా బాప్టిస్టులే కదా, వాళ్ళ సంగతి ఒక్కరూ రాయలేదు.

జేమ్స్_ఏటి_ఒడ్డు:
మీరు అడిగింది న్యాయం. అసలు నేను రాయాలనుకున్నది అదే, ముందు రాయాల్సింది. రిచ్మండ్‌లో అన్నిటికన్నా పెద్ద బాప్టిస్టు సంఘం తెల్లవాళ్ళది కాదు, ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి, మూడు వేల మందికి పైగా సభ్యులు, ఎక్కువ మంది బానిసలు. 1831లో నాట్ టర్నర్ అనే బానిస నడిపిన తిరుగుబాటు తర్వాత వర్జీనియాలో నల్లవాడు ప్రసంగం చెయ్యకూడదని చట్టం తెచ్చారు, కాబట్టి 1841లో ఈ సంఘం వేరుపడ్డప్పుడు పాస్టర్‌గా తెల్లవాడు ఉండాల్సి వచ్చింది, రాబర్ట్ రైలాండ్, రిచ్మండ్ కాలేజీ ప్రెసిడెంట్ కూడా ఆయనే, బానిసల యజమాని కూడా. డీకన్లు, అంటే సంఘ పెద్దలు, మాత్రం నల్లవాళ్ళు. ప్రసంగం చెయ్యనివ్వరు గానీ ప్రార్థన చెయ్యనిస్తారు, అందుకని వాళ్ళు ప్రార్థనలోనే చెప్పాల్సింది చెప్పుకునేవాళ్ళు. పెట్టెలో దాక్కుని పార్సిల్‌గా ఫిలడెల్ఫియా చేరిన హెన్రీ బ్రౌన్ ఈ గుడి గాయక బృందంలో పాడినవాడే.

ఊళ్ళో అంత పెద్ద హాలు ఇంకోటి లేదు కాబట్టి తెల్లవాళ్ళ రాజకీయ సభలకి ఈ గుడినే తీసుకునేవాళ్ళు. 1865 ఫిబ్రవరిలో, ఓడిపోతున్నాం అని తెలిసి కూడా, జనానికి ధైర్యం చెప్పడానికి పెద్ద సభలు పెట్టింది ఇక్కడే. దక్షిణాది మంత్రి జూడా బెంజమిన్ ఇదే వేదిక మీద నిలబడి, మన పక్షాన యుద్ధం చేస్తామన్న బానిసల్ని విడుదల చేద్దాం అన్నాడు. బానిసలు ఆదివారం పాటలు పాడే గుళ్ళో, వాళ్ళని ఏం చెయ్యాలో వాళ్ళు లేకుండా మాట్లాడుకున్నారు. బానిసల్ని సైన్యంలో చేర్చుకునే చట్టం మార్చి 13న వచ్చింది, మూడు వారాలకి ఊరే పోయింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. అదే ఏప్రిల్లో, అంటే పొగ ఇంకా ఆరకముందే, అదే గుళ్ళో వెయ్యి మందికి పైగా పిల్లలు బడికి వచ్చారు. అక్షరం నేర్పడం అంతకుముందు నేరం. రైలాండ్ తప్పుకున్నాడు, 1867లో ఒకప్పుడు బానిసగా ఉన్న డీకన్ జేమ్స్ హోమ్స్ పాస్టర్ అయ్యాడు. అదే ఏడు లంప్‌కిన్ జైలు అని బానిసల్ని అమ్మే ముందు బంధించిన చోటు, ఊళ్ళో సైతాను అరెకరం అనేవాళ్ళు, అది బాప్టిస్టు బోధకుల బడి అయింది. ఉత్తరాది నుంచి వచ్చిన కాల్వర్ అనే ముసలి పాస్టర్ ఆ జైలుని లంప్‌కిన్ భార్య మేరీ దగ్గర అద్దెకి తీసుకున్నాడు, ఆమె ఒకప్పుడు బానిసే. కొరడా దెబ్బలు కొట్టిన గదిలో బైబిల్ పాఠాలు. ఇప్పుడు అక్కడ ఖాళీ నేల, ఒక బోర్డు ఉన్నాయి, పక్కనే హైవే శబ్దం. నేను రెండు మూడు సార్లు వెళ్ళి నిలబడ్డా, ఎక్కువసేపు ఉండలేకపోయా.

సూటి_ప్రశ్న:
థాంక్స్ అన్నా. ఇది కావాలి నాకు. ప్రార్థనలోనే చెప్పాల్సింది చెప్పుకునేవాళ్ళు అన్న మాట దగ్గర ఆగిపోయా. మా తాత కూడా అంతే, ఆసామి గురించి నోరెత్తేవాడు కాదు, రాత్రి ప్రార్థనలో మాత్రం దేవుడికి పేరు పెట్టి ఫిర్యాదు చేసేవాడు.

అట్లాంటా_తెలుగు:
నేను జార్జియాలో ఉంటా, అట్లాంటా నుంచి సవానా నాలుగ్గంటల డ్రైవ్, పోయిన డిసెంబర్లో పిల్లల్ని తీసుకుని వెళ్ళాం. నా లెక్కలో ఆ చలికాలంలో బాప్టిస్టుల చరిత్రలో జరిగిన పెద్ద విషయం సవానాలోనే జరిగింది, కాస్త పొడుగ్గా రాస్తున్నా ఓపిక పట్టండి.

ఉత్తరాది జనరల్ షెర్మన్ సైన్యం అట్లాంటా నుంచి సముద్రం దాకా నడిచి 1864 డిసెంబర్ 21న సవానా పట్టుకుంది. దారిలో వేల మంది బానిసలు పొలాలు వదిలేసి, పిల్లల్ని ఎత్తుకుని, మూటలు నెత్తిన పెట్టుకుని ఆ సైన్యం వెనకాలే నడిచారు. డిసెంబర్ 9న ఎబెనీజర్ వాగు దగ్గర సైన్యం దాటగానే ఒక జనరల్ తేలుడు వంతెన తీయించేశాడు, వెనకాల శత్రువు గుర్రపుదళం, ముందు గడ్డకట్టే నీళ్ళు, దూకినవాళ్ళు దూకారు, వందల్లో మునిగిపోయారు. ఆ వార్త వాషింగ్టన్ చేరి గోల అయింది. యుద్ధ మంత్రి స్టాంటన్ స్వయంగా సవానా వచ్చాడు.

1865 జనవరి 12 రాత్రి ఎనిమిదింటికి షెర్మన్ దిగిన ఇంట్లో మేడ మీద గదిలో 20 మంది నల్లజాతి పాస్టర్లు, సంఘ పెద్దల్ని కూర్చోబెట్టారు. వాళ్ళల్లో కొందరు మూడు వారాల క్రితం దాకా బానిసలు. బాప్టిస్టులు, మెథడిస్టులు, మిగతా వాళ్ళూ ఉన్నారు. తమ తరఫున మాట్లాడమని వాళ్ళు ఎంచుకున్న మనిషి గారిసన్ ఫ్రేజియర్, 67 ఏళ్ళ బాప్టిస్టు పాస్టర్, ఆరోగ్యం బాగోక అప్పటికి సంఘం కూడా చూడట్లేదు. 1857లో వెయ్యి డాలర్లు బంగారం, వెండి ఇచ్చి తననీ భార్యనీ తనే కొనుక్కున్నాడు. ఆలోచించండి, అరవై ఏళ్ళ దాకా ఇంకొకడి సొత్తు, తన ఒళ్ళు తనే వెల కట్టి కొనుక్కోవడం.

స్టాంటన్ ప్రశ్నలు అడిగాడు, అధికారి ఒకడు రాసుకున్నాడు. బానిసత్వం అంటే ఏంటని నీ అభిప్రాయం అంటే, ఇంకో మనిషి కష్టాన్ని వాడి ఒప్పుదల లేకుండా, ఎదిరించలేని బలంతో తీసుకోవడం అన్నాడు. మీ బతుకు మీరు బాగా చూసుకోవాలంటే ఏం కావాలి అంటే, భూమి కావాలి, దాన్ని మా చేత్తో మేం దున్నుకుంటాం అన్నాడు. అంతే. జీతం అడగలేదు, తిండి పొట్లాలు అడగలేదు. తెల్లవాళ్ళతో కలిసి ఉంటారా విడిగానా అంటే, విడిగానే, ఆ ద్వేషం పోవడానికి ఏళ్ళు పడుతుంది అన్నాడు. బాల్టిమోర్ నుంచి వచ్చిన లించ్ అనే మెథడిస్టు పాస్టర్ ఒక్కడే, కలిసే ఉండాలి అన్నాడు. షెర్మన్ని కాసేపు బయటికి పంపి ఆయన గురించి కూడా అడిగారు.

నాలుగు రోజులకే, 16న, షెర్మన్ ఉత్తర్వు ఇచ్చాడు. చార్లెస్టన్ నుంచి కిందకి తీరం పొడుగునా యజమానులు వదిలేసి పోయిన వరి పొలాలు, దీవులు నల్లవాళ్ళకి, కుటుంబానికి 40 ఎకరాలు మించకుండా. ఫిబ్రవరి 2న ఆ సంగతి జనానికి వివరించింది కూడా బాప్టిస్టు గుళ్ళోనే, సెకండ్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి. ఆ రాత్రి గదిలో ఉన్న ఇంకో బాప్టిస్టు పాస్టర్ యులిసిస్ హ్యూస్టన్ తన సంఘస్తుల్ని వెంటపెట్టుకుని స్కిడవే దీవికి పోయి ఊరు వేశాడు. జూన్ నాటికి 40 వేల మంది ఆ భూముల్లో ఉన్నారు.

పత్తిగింజ:
తర్వాత? ఆ భూమి వాళ్ళకే ఉందా?

అట్లాంటా_తెలుగు:
లేదు. ఏప్రిల్లో లింకన్ని చంపేశారు, తర్వాత వచ్చిన ఆండ్రూ జాన్సన్ పాత యజమానులకి క్షమాపణ ఇచ్చి ఆ ఏడాదిలోనే భూములు వెనక్కి ఇప్పించడం మొదలుపెట్టాడు. విత్తనం వేసుకున్నవాళ్ళని ఖాళీ చెయ్యమన్నారు. చాలామంది అదే పొలంలో కౌలుకి, కూలికి మిగిలారు.

సూటి_ప్రశ్న:
పట్టా చేతికిచ్చి పొలం ఇంకొకడు దున్నుకోవడం మనకి తెలియని కథా ఏంటి. మా అమ్మ పేరు మీద అసైన్డ్ భూమి కాగితం ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది, ఆ నేల మీద కాలు పెట్టింది లేదు.

నెల్లూరు_మాస్టారు:
బాబూ, నీ మాట నాకు తగిలింది. చరిత్ర మాస్టారుగా ఒకటి చెప్పాలి, మన వైపు క్లౌ దొర దగ్గరకి వచ్చినవాళ్ళు ఎక్కువగా మాదిగలు, ఎర్రగుంట్ల పేరయ్య మొదలుకుని. భూమి లేనివాళ్ళు, చెప్పులు కుట్టి, ఆసాముల పొలాల్లో పని చేసి బతికినవాళ్ళు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం అంటే పండగలా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. బడి వచ్చింది, ఆసుపత్రి వచ్చింది, తలెత్తి నడవడం వచ్చింది. భూమి మాత్రం రాలేదు. ఫ్రేజియర్ అనే ఆ పెద్దాయన ఏది కావాలని అడిగాడో అది. ఇన్నేళ్ళు పాఠాలు చెప్పి ఈ రెండిటినీ నేను పక్కపక్కన పెట్టి చూడలేదు, ఇవాళ మీ అందరి వల్ల చూశాను.

ఏలూరు_చెల్లి:
ఒక డౌట్. క్లౌ దొర వాళ్ళకి ఇవన్నీ తెలుసా? ఓడలో ఉన్నారు కదా.

నెల్లూరు_మాస్టారు:
తెలిసే వీల్లేదమ్మా. అప్పటికి సూయజ్ కాలవ లేదు, ఆఫ్రికా చుట్టూ తిరిగి రావాలి. లింకన్ రెండోసారి గెలవడం నవంబర్లోనే కాబట్టి అది తెలుసుకునే ఓడ ఎక్కారు. తర్వాత సవానా పడటం, భూమి ఉత్తర్వు, రిచ్మండ్ కాలడం, ఏప్రిల్ 9న దక్షిణాది సేనాపతి లీ లొంగిపోవడం, 15న లింకన్ కన్నుమూయడం, ఇవన్నీ ఉత్తరాల్లో, పత్రికల్లో వారాల తర్వాతే. అట్లాంటిక్ కింద తంతి కూడా 1866 దాకా నిలకడగా పనిచెయ్యలేదు. నెల్లూరులో వీళ్ళు వచ్చేదాకా డగ్లస్ దొర పని చూస్తూ ఉన్నాడు. క్లౌ దొర ఆ ఎండల్లో దిగి తెలుగు అక్షరాలు దిద్దుకుంటూ ఉండగా ఒక రోజు ఆ కబురు వచ్చి ఉంటుంది, మన ప్రెసిడెంటుని చంపేశారని.

కొండపక్క_ఇల్లు:
అందరికీ మళ్ళీ వందనాలు. నిన్న ఆదివారం పిల్లలకి ఇదంతా చెప్పాను, అరగంట అనుకుంటే గంటన్నర అయింది, ఒక్కడు కదల్లేదు. ఫ్రేజియర్ గారి రెండు జవాబులు బోర్డు మీద రాశాను. ప్రశ్న అడిగిన పిల్లోడు మళ్ళీ లేచి "సార్ ఆ తాత ఆ తర్వాత ఏమయ్యాడు, ఆయనకి 40 ఎకరాలు ఇచ్చారా" అన్నాడు. వాళ్ళ నాన్న కౌలు రైతు, పోయిన ఏడాది పొగాకులో బాగా దెబ్బతిన్నాడు. మళ్ళీ వచ్చే వారం అన్నాను. అట్లాంటా తమ్ముడూ, మీరు ఈ మధ్యే సవానా వెళ్ళొచ్చారు కదా, ఆ గుళ్ళ ఫోటోలు ఏమన్నా ఉంటే పెట్టండి, పిల్లలకి చూపిస్తా.

అట్లాంటా_తెలుగు:
ఉన్నాయి అన్నా, బయట నుంచి తీసినవి ఇప్పుడే పెడతా. ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి, 1859లో బానిసలే పగలు యజమాని పని చేసి రాత్రిళ్ళు ఇటుకలు మోసి కట్టుకున్నారని చెప్తారు. కింద హాలు నేల చెక్కల్లో వజ్రం ఆకారంలో చిన్న చిన్న రంధ్రాలు ఉంటాయి. పారిపోయే వాళ్ళు ఆ నేల కింద దాక్కుంటే గాలి ఆడటానికని అక్కడి పెద్దలు చెప్తారు, ఆ ముగ్గు లాంటి గుర్తు ఆఫ్రికా కాంగో వాళ్ళదని కూడా అంటారు. మా చిన్నది ఒంగి ఒక రంధ్రం మీద వేలు పెట్టి, లోపల ఎవరన్నా ఉన్నారా నాన్నా అని అడిగింది. లోపల ఫోటోలు తీయలేదు. వచ్చే నెల మళ్ళీ వెళ్ళే పని ఉంది, అక్కడి వాళ్ళని అడిగి, ఒప్పుకుంటే ఆ నేల ఫోటో పెడతా. ఫ్రేజియర్ గారి సంగతి కూడా అడిగొస్తా, ఆ పిల్లోడికి చెప్పండి.